పట్టా ముందు, పైపు తర్వాత: నెల్లూరు, ఒంగోలులో పేదల ఇళ్ల లెక్క

నెల్లూరులో ఇంటి స్థలం బేరం అంకణాల్లో సాగుతుంది. ఇక్కడ అంకణమంటే 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. తిరుపతి వైపు పోతే అదే అంకణం 36 అడుగులే, కాబట్టి కొనేవాళ్లు ఏ ఊరి అంకణమో ముందే అడగడం మంచిది. ప్రభుత్వం మాత్రం స్థలాన్ని సెంట్లలో ఇస్తుంది. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు, 48.4 గజాలు. నెల్లూరు లెక్కలో ఆరు అంకణాలు. 2020 డిసెంబరు 25న మొదలైన పట్టాల పంపిణీలో పట్టణ పేదలకు ఒక సెంటు, పల్లెల్లో సెంటున్నర ఇచ్చారు. 2024లో వచ్చిన ప్రభుత్వం పట్టణాల్లో రెండు సెంట్లు, పల్లెల్లో మూడు సెంట్లు ఇస్తామంటోంది. టీవీ చర్చల్లో, మీటింగుల్లో గొడవంతా ఆరు అంకణాలా, పన్నెండు అంకణాలా అన్నదాని మీదే నడుస్తోంది.

ఆ గొడవలో న్యాయం లేదని కాదు. ఆరు అంకణాల్లో నలుగురు మనుషులు ఎలా సర్దుకుంటారో ఎవరికైనా అర్థమవుతుంది. కానీ ఆ స్థలం ఎక్కడుంది, మెరకా పల్లమా, అక్కడికి నీళ్లు తేవాల్సింది ఏ శాఖ, పొద్దున్నే పనికి పోవాలంటే ఎంత ఖర్చు అనేవి అంతకంటే పెద్ద ప్రశ్నలు. మన దగ్గర పేదల ఇంటి సమస్యలో ఇటుక, సిమెంటు పాలు తక్కువే. చిక్కంతా పనుల వరసలో ఉంది. పట్టా ముందు ఇస్తారు, ఇల్లు తర్వాత లేస్తుంది, రోడ్డు, డ్రైనేజీ, మంచినీళ్లు ఆఖర్న వస్తాయి, ఒక్కోసారి రానే రావు. నగర ప్రణాళిక అనేది ఉన్నదే ఈ వరసను సరిచేయడానికి.

ఎవరి పని ఏది?

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ ప్రకారం పట్టణ ప్రణాళిక మున్సిపాలిటీలకు అప్పగించదగిన పని. ఆచరణలో అది చాలా చేతుల్లో ముక్కలై ఉంది. నగరం, దాని చుట్టూ ఉన్న మండలాలు, పంచాయతీలు కలిపి మాస్టర్ ప్లాన్ గీయాల్సింది పట్టణాభివృద్ధి సంస్థ. 2016 నాటి రాష్ట్ర చట్టం కింద 2017లో నెల్లూరుకు నుడా వచ్చింది, 2019లో ఒంగోలుకు అలాంటిదే ఇంకొకటి ఏర్పడింది. పేదలకు స్థలం వెతికి పట్టా ఇచ్చేది రెవెన్యూ శాఖ. ఆ పట్టా మీద ఇల్లు కట్టించేది హౌసింగ్ కార్పొరేషన్. అపార్ట్‌మెంట్లయితే మున్సిపల్ శాఖ కింద ఉన్న టిడ్కో. మంచినీళ్లు ఊళ్లో అయితే కార్పొరేషన్, పబ్లిక్ హెల్త్ ఇంజనీర్లు, ఊరి హద్దు దాటితే గ్రామీణ నీటి సరఫరా శాఖ అయిన ఆర్‌డబ్ల్యూఎస్. కరెంటుకు నెల్లూరులో ఒక పంపిణీ సంస్థ (డిస్కం), ప్రకాశంలో ఇంకొకటి.

ఇప్పుడు ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. ఓటు, రేషన్ కార్డు, పిల్లల బడి అన్నీ నెల్లూరు కార్పొరేషన్‌లో. పట్టా మాత్రం పక్క మండలంలోని ఒక పంచాయతీ పరిధిలో వచ్చింది. లబ్ధిదారు కాబట్టి పేరు కార్పొరేషన్ లెక్కలో ఉంటుంది, స్థలం పంచాయతీ లెక్కలో. కాలనీలో సైడు కాలువ కావాలంటే కార్పొరేషన్ వాళ్లు అది మా హద్దు కాదంటారు. పంచాయతీకేమో అంత డబ్బు ఉండదు. వెయ్యి కుటుంబాలు కొత్తగా వచ్చి దిగితే ఒక చిన్న పంచాయతీ జనాభా ఒక్కసారిగా రెండింతలైనట్టే, ఆదాయం మాత్రం అక్కడే ఉంటుంది. ఇందులో ఎవరూ పని ఎగ్గొట్టడం లేదు. రెవెన్యూ తన పని చేసింది, హౌసింగ్ తన పని చేసింది. ప్రతి శాఖ టార్గెట్ పూర్తయింది, కాలనీ మాత్రం పూర్తి కాలేదు.

మాస్టర్ ప్లాన్ అనే రంగుల మ్యాపు ఈ ముక్కల్ని కుట్టాల్సిన దారం. అందులో పసుపు నివాసానికి, నీలం వ్యాపారానికి, ఊదా పరిశ్రమకు, పచ్చ పొలాలకూ పార్కులకూ. రంగుల కంటే ముఖ్యం గీతలు. రాబోయే ఇరవై ఏళ్లలో రోడ్డు ఎటు పోతుంది, వాన నీళ్లు ఎటు పోవాలి అన్నది ఆ గీతలే చెప్తాయి. పేదల కాలనీకి స్థలం చూసేటప్పుడు మొదట తెరవాల్సిన కాగితం అదే. కానీ స్థలం ఎంపికలో మొదట తెరిచేది రెవెన్యూ వాళ్ల భూముల రికార్డు అయిన అడంగల్. ప్రభుత్వ భూమి ఎక్కడుంది, తక్కువ ధరకు ఎక్కడ దొరుకుతుంది అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది.

చౌక భూమి ఎందుకు చౌక?

ఊరికి ఆనుకుని ఉన్న ప్రభుత్వ భూమి నెల్లూరులో ఎప్పుడో అయిపోయింది. మిగిలింది కాలువ పోరంబోకు, చెరువు పోరంబోకు, లేదా కోర్టులో ఉన్న భూమి. ప్రైవేటు భూమి సేకరించాలంటే 2013 భూసేకరణ చట్టం ప్రకారం మార్కెట్ విలువకు నూరు శాతం సొలేషియం, అంటే అదనపు పరిహారం, కలపాలి. పట్టణం పక్కన ఆ ధర ప్రభుత్వానికి తలకు మించిన భారం. అందుకే చూపు దూరానికి పోతుంది, లేదా పల్లానికి పోతుంది. రెండూ చౌకే, కారణాలు వేరు. దూరం భూమికి రవాణా లేదు కాబట్టి చౌక. పల్లం భూమిలో నీళ్లు నిలుస్తాయి కాబట్టి చౌక.

ఒంగోలు అనుభవం చూడండి. మొదట ఊరికి దగ్గరలోని యరజర్ల కొండ వైపు స్థలం అనుకున్నారు. ఇనుప ఖనిజం లీజు వ్యవహారంతో అది కోర్టుకెక్కి ఆగిపోయింది. ఏళ్లు గడిచాక ఎన్.అగ్రహారం పరిసరాల్లో 500 ఎకరాలకు పైగా కొని, 2024 ఫిబ్రవరిలో 20 వేలకు పైగా పట్టాలు ఇచ్చారు. ఒక్కో కుటుంబానికి సెంటు చొప్పున 20 వేల సెంట్లంటే 200 ఎకరాలే. మిగతాదంతా రోడ్లకు, ఖాళీ స్థలాలకు, బడికో ఆసుపత్రికో పోవాల్సిన భూమి. సెంటు సంగతి మాట్లాడేటప్పుడు ఈ మిగతా భూమి ఎవరికీ గుర్తు రాదు. రెండు సెంట్లు చేస్తే భూమి దాదాపు రెండింతలు కావాలి, పైపులైను, రోడ్డు, కరెంటు తీగ అన్నీ ఆ మేరకు సాగాలి. అంత పెద్ద బిట్టు ఊరికి దగ్గర్లో దొరకదు కాబట్టి కాలనీ ఇంకాస్త దూరం జరుగుతుంది. సెంట్లు పెరిగేకొద్దీ ఊరు దూరమవుతుందన్న సంగతి ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ రాదు.

దూరం ఖరీదు ఎంత? నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో నాలుగిళ్లలో పని చేసుకునే ఒకామె ఉందనుకుందాం. ఇప్పుడు ఊళ్లోనే అద్దెకుంటోంది, పొద్దున ఆరింటికి నడిచే పోతుంది, పదకొండింటికి ఇంటికొచ్చి వండుకుని, సాయంత్రం మళ్లీ పోతుంది. కాలనీ పది, పన్నెండు కిలోమీటర్ల అవతల వస్తే రోజుకు రెండుసార్లు ఇల్లు చేరడం కుదరదు. మధ్యాహ్నం పూట ఎక్కడుండాలి? పిల్లలు బడి నుంచి వస్తే ఎవరు చూడాలి? షేర్ ఆటోకు పోనూ రానూ 40 రూపాయలు అనుకున్నా 25 పనిదినాలకు 1,000 రూపాయలు. ఒక ఇంటి పనిలో వచ్చే జీతంలో చెప్పుకోదగ్గ భాగం ఆటోకే. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది, నిజంగా పెద్ద ఊరట. అయితే నెల్లూరులో ఊళ్లో తిరుగుడంతా ఆటోల మీదే. బస్సు రాని కాలనీకి ఉచిత టికెట్టు ఏం చేసుకుంటాం? అందుకే పట్టా తీసుకున్న కుటుంబాలు చాలాసార్లు ఇల్లు కట్టుకుని కూడా ఊళ్లోనే అద్దెకుంటాయి. సర్వేలో వీళ్లను అనర్హులనో, ఆసక్తి లేదనో రాస్తారు. ఆసక్తి లేక కాదు, లెక్క కుదరక.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి. పట్టాలు ఆడవాళ్ల పేరు మీద ఇవ్వడం ఈ పథకాల్లో నాకు బాగా నచ్చిన పని. కాలనీ బాగున్నా బాగాలేకున్నా, ఒక కూలి ఇంట్లో ఆస్తి కాగితం మీద ఇల్లాలి పేరు ఉండటం చిన్న మార్పు కాదు.

నీళ్లు వచ్చే దారి, పోయే దారి

2021 నవంబరు మూడో వారంలో పెన్నకు వచ్చిన వరద నెల్లూరు వాళ్లకు ఇంకా కళ్ల ముందే ఉంది. పైన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట నవంబరు 19న తెగింది. 78 టీఎంసీల సోమశిల అప్పటికే నిండి ఉంది, వచ్చిన నీళ్లు వచ్చినట్టే కిందికి వదలాల్సి వచ్చింది. 5 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం. భగత్‌సింగ్ కాలనీ, వెంకటేశ్వరపురం మునిగాయి. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది. చెన్నై, విజయవాడల మధ్య రాకపోకలు ఆగిపోయాయి.

భగత్‌సింగ్ కాలనీ జనం నది ఒడ్డున ఎందుకున్నారు? ప్రమాదం తెలియక కాదు. పని దొరికే ఊరికి దగ్గరగా, వాళ్లు భరించగల ధరలో దొరికింది ఆ ఒడ్డు మాత్రమే. పేదలకు ఇళ్లు అనే పథకం అసలు పోటీ పడుతున్నది ఆ ఒడ్డుతో. దూరపు కాలనీ ఆ పోటీలో ఓడిపోతే జనం మళ్లీ ఒడ్డుకే వస్తారు. వరద తర్వాత అక్కడ రక్షణ గోడ పని మొదలుపెట్టారు. గోడ అవసరమే, కానీ గోడ కట్టేకొద్దీ నదికి పరుచుకునే చోటు తగ్గుతుంది, ఎదుటి ఒడ్డు మీద ఒత్తిడి పెరుగుతుంది. గోడ లోపల వాన నీళ్లు బయటికి పోవడానికి షట్టర్లు, మోటార్లు పెట్టకపోతే నది నుంచి కాపాడిన గోడే ఊరి వాన నీళ్లను ఇళ్ల మధ్య నిలబెడుతుంది. రాష్ట్ర భవన నిబంధనలు కార్పొరేషన్ హద్దుల్లో నదికి 50 మీటర్లు, హద్దు బయట 100 మీటర్లు, పది హెక్టార్లు దాటిన చెరువుకు 30 మీటర్లు వదలమంటాయి. అప్పటికే కట్టుకుని ఉన్నవాళ్ల సంగతి ఏమిటన్న దానికి నిబంధన దగ్గర జవాబు లేదు. ప్రణాళిక దగ్గర ఉండాలి.

పెన్న వరద ఎప్పుడో ఒకసారి వస్తుంది. ప్రతి ఏడూ నవంబరులో, డిసెంబరులో వచ్చేది ఊరి లోపలి నీళ్లు. మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి కింద బైకులు ఆగిపోవడం, రైలు పట్టాలకు ఇటుపక్క వాళ్లు అటుపక్కకు పోలేకపోవడం నెల్లూరులో మామూలు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడూ అదే కథ. దీనికి అసలు కారణం కాలువల్లో ఉంది, కాస్త ఓపిగ్గా చూడాలి.

నెల్లూరు మొలగొలుకుల బియ్యానికి పేరుపడ్డ ఊరు. సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ, ఉయ్యాలకాలువ, వాటి నుంచి చీలే పిల్లకాలువలు అన్నీ పొలాలకు నీళ్లు పారించడానికి తవ్వినవి. పంటకాలువ లక్షణం ఏమిటంటే మొదట్లో వెడల్పుగా ఉంటుంది, మడి మడికీ నీళ్లు ఇచ్చుకుంటూ చివరికి సన్నబడిపోతుంది. మురుగుకాలువ దీనికి పూర్తిగా తలకిందులు. మొదట్లో సన్నగా మొదలై, వీధి వీధి నీళ్లు కలుపుకుంటూ చివరికి వెడల్పు కావాలి. పొలాలు లేఅవుట్లయ్యాక మనం అదే పంటకాలువను మురుగుకాలువగా వాడుకుంటున్నాం. నీళ్లు ఎక్కువగా చేరే చివర్లోనే కాలువ సన్నగా ఉంటుంది. దాని మీదే ఆక్రమణలు, దాని మీదే శ్లాబులేసి కట్టిన షాపులు. ప్రతి ఏడూ పూడిక తీస్తారు, నిజమే. పూడిక తీస్తే ఉన్న కాలువ బాగవుతుంది, సన్న కాలువ వెడల్పు కాదు.

దానికి తోడు మెరక పోటీ. ఎవరి లేఅవుట్ వాళ్లు గ్రావెల్ తోలించి రెండడుగులు లేపుతారు. పక్క కాలనీ గుంట అవుతుంది. వాళ్లు మళ్లీ తోలిస్తారు. పాత వీధుల్లో రోడ్డు మీద రోడ్డు వేసీ వేసీ ఇంటి గడప రోడ్డుకంటే కిందికి పోయింది, వాకిట్లోకి రెండు మెట్లు దిగాలి, వానొస్తే గడపకు అడ్డంగా ఇసుక మూటలు పెట్టుకోవాలి. నీరు పల్లమెరుగు అంటారు. ఊళ్లో పల్లం ఎక్కడన్నది అందరికంటే ఆఖర్న ఇల్లు దొరికినవాళ్ల దగ్గర తేలుతుంది. కాలనీ స్థలానికి ఎంతెత్తు గ్రావెల్ పోయాలి అన్నది ఒక్కో కాలనీకి విడిగా తేల్చే విషయం కాదు. ఊరంతటికీ ఒకే లెవెల్ ప్లాన్ ఉండాలి.

ఒంగోలులో కష్టం తిరగబడి ఉంటుంది. అక్కడ పోయే నీళ్ల కంటే వచ్చే నీళ్ల టెన్షన్ ఎక్కువ. సాగర్ కుడికాలువ చివర్లో ఉన్న ఊరు, సమ్మర్ స్టోరేజీ చెరువులు నింపుకుని వేసవి గట్టెక్కాలి. పంపు ఏ రోజు వస్తుందో లెక్క పెట్టుకుని డ్రమ్ములు నింపుకునే ఊళ్లో, 20 వేల కుటుంబాలను కొత్త చోటికి పంపుతున్నాం. కుటుంబానికి నలుగురు అనుకుంటే 80 వేల మంది. 2011 జనాభా లెక్కల్లో ఒంగోలు మొత్తమే రెండు లక్షల పైచిలుకు. మనిషికి రోజుకు 135 లీటర్లు అన్న ప్రమాణంతో చూస్తే కోటీ 8 లక్షల లీటర్లు ప్రతి రోజూ కావాలి. ఊళ్లో వాడుతున్న నీళ్లే కదా, మనుషులు మారితే నీళ్లూ మారతాయి అనుకోవచ్చు. నీళ్లు మారతాయి, పైపు మారదు. ట్యాంకు, పంపింగ్, లైను అన్నీ కొత్తవే కావాలి. పట్టాల పండగ రోజున వేదిక మీద ఈ లెక్క కూడా చదివితే బాగుండేది.

ప్లాటా, ఫ్లాటా?

2015 జూన్ 25న మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకంలో రెండు దారులు మన దగ్గర బాగా నడిచాయి. సొంత స్థలంలో కట్టుకుంటే కేంద్రం లక్షన్నర ఇస్తుంది. ప్రభుత్వమే అపార్ట్‌మెంట్లు కట్టినా ఇంటికి లక్షన్నర. రెండో దారిలో వచ్చినవే టిడ్కో ఇళ్లు. నెల్లూరులో వెంకటేశ్వరపురం, అల్లీపురం వైపు పోతే వరసలు వరసలుగా కనిపిస్తాయి. 300, 365, 430 అడుగులు, మూడు రకాలు. ఇటుక గోడ ఉండదు. అచ్చులు బిగించి గోడ, శ్లాబు కలిపి కాంక్రీటు పోస్తారు. దాన్నే షియర్ వాల్ అంటారు. పని వేగంగా సాగుతుంది. ఆ వేగమే ఒక సమస్యయింది. బ్లాకులు లేచి నిలబడ్డాయి, చుట్టూ రోడ్డు, మురుగు శుద్ధి ప్లాంటు, నీళ్లు రావడానికి ఏళ్లు పట్టింది. మధ్యలో 2019లో ప్రభుత్వం మారింది, ప్రాధాన్యం సెంటు పట్టాలకు మారింది. రాష్ట్రం మొత్తంలో టిడ్కో ఇళ్ల సంఖ్యను చివరికి 2.62 లక్షలకు కుదించారు. 300 అడుగుల ఇల్లు రూపాయికే అన్నారు. మిగతా రెండు రకాలవాళ్ల పేర్ల మీద బ్యాంకు లోన్లు పడ్డాయి. తాళం చేతికి రాకముందే వాయిదా నోటీసు వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. ఉంటున్న ఇంటికి అద్దె, చేరని ఇంటికి వాయిదా.

2024 తర్వాత కథ ఇంకో వైపు తిరిగింది. ఇప్పుడు సెంటు కాలనీల వంతు నత్తనడక నడవడం. బోర్డుల రంగులు మారుతున్నాయి, లబ్ధిదారు మాత్రం ఆ మనిషే. ఏ పార్టీ అయినా తాను మొదలుపెట్టిన ఇల్లే ఇల్లనుకుంటుంది. మన ఊళ్ల ఇళ్ల సమస్యలో ఇది నిధుల కొరత కంటే పెద్ద జబ్బని నా అభిప్రాయం.

సరే, రెండింటిలో ఏది మేలు? ఫ్లాటు భూమిని ఆదా చేస్తుంది, పైపులు, కాలువలు తక్కువ పొడవుతో సరిపోతాయి, అందుకే ఊరికి కాస్త దగ్గర్లో పెట్టగలం. కానీ తోపుడుబండి మీద ఇడ్లీ అమ్మే కుటుంబాన్ని తీసుకోండి. తెల్లవారుజామున నాలుగింటికి పిండి గిన్నెలు, గ్యాస్ సిలిండర్, నీళ్ల క్యాను మూడో అంతస్తు నుంచి దించాలి. పది దాటాక అన్నీ మళ్లీ పైకెక్కించాలి. లిఫ్టు లేదు. బండి కింద పెడితే పొద్దునకు ఉంటుందో లేదో. మోకాళ్ల నొప్పులున్న అత్త మెట్లు దిగడం మానేస్తుంది. అదే సెంటు స్థలంలో అయితే బండి వాకిట్లో ఉంటుంది, ముందు గదిలో చిన్న బంకు పెట్టుకోవచ్చు, నాలుగేళ్ల తర్వాత పైన రేకుల గది వేసుకుని అద్దెకివ్వచ్చు. పేదవాడికి ఇల్లంటే పడుకునే చోటే కాదు, సంపాదించే చోటు కూడా. అందుకే రెంటికీ మధ్య రకం కావాలి. గోడకు గోడ కలిపిన రెండంతస్తుల వరస ఇళ్లు, కింద బంకుకు చోటు, ఊరికి దగ్గరగా. ఇప్పుడున్న బస్తీలనే అక్కడికక్కడ బాగుచేయడం ఇంకా మంచిది. విచిత్రం ఏమిటంటే పాత ఆవాస్ యోజనలో బస్తీల పునర్నిర్మాణానికి ఒక విభాగం ఉండేది. 2024 సెప్టెంబరులో వచ్చిన రెండో విడతలో దాన్ని తీసేశారు. దాని బదులు అద్దె ఇళ్లకు ఒక విభాగం వచ్చింది. ఇంటి సాయం లెక్క కేంద్రం లక్షన్నర, రాష్ట్రం లక్ష కలిపి 2.50 లక్షలయింది.

అద్దె ఇళ్ల సంగతి మన రెండు జిల్లాలకు చాలా ముఖ్యం, ఎవరూ మాట్లాడరు గానీ. 2025 జనవరి 8న కృష్ణపట్నం పారిశ్రామిక నగరానికి శంకుస్థాపన జరిగింది. రామాయపట్నం పోర్టు పని నడుస్తోంది. ఫ్యాక్టరీ కంటే ముందు ముత్తుకూరు, వెంకటాచలం వైపు ప్లాట్ల ఫ్లెక్సీలు వస్తాయి. వచ్చే కుర్ర కార్మికుడికి పట్టా అక్కర్లేదు, నెలకు ఇంతని కట్టి ఉండే శుభ్రమైన గది, బాత్రూము కావాలి. అది లేకపోతే ఒక గదిలో పదిమంది. పారిశ్రామిక లేఅవుట్ గీసేటప్పుడే కార్మికుల అద్దె ఇళ్లకు భూమి తీసిపెట్టడం ఇప్పుడు చౌక. పదేళ్ల తర్వాత కొనబోతే మళ్లీ దూరమూ పల్లమూ మిగులుతాయి.

మధ్యతరగతి మాటేమిటి?

2022 జనవరిలో మధ్యతరగతికి ప్రభుత్వ లేఅవుట్లు అన్నప్పుడు మొదటి విడతలో కావలి, కందుకూరు ఉన్నాయి. 150 నుంచి 240 గజాల ప్లాట్లు. ఎక్కువమంది మాత్రం ప్రైవేటు లేఅవుట్లనే నమ్ముకుంటారు. పొదలకూరు రోడ్డు పట్టుకుని పోతే నుడా అప్రూవ్డ్, రేరా రిజిస్టర్డ్, లోన్ సౌకర్యం కలదు అని ఫ్లెక్సీలు. ఎల్పీ నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు, ఉన్న లేఅవుట్‌లో పదో వంతు ఖాళీ స్థలం వదలాలి, రోడ్లు, కాలువలు వేయాలి. అవేవీ వదలని లేఅవుట్‌లో ప్లాటు చౌకగా వస్తుంది. ఆటో నడిపే ఆయనో, చిన్న ప్రైవేటు ఉద్యోగో కొనేది దాన్నే. తర్వాత క్రమబద్ధీకరణ పథకం వస్తుంది. 2020 నాటి పథకంలో ఖాళీ స్థలం వదలనందుకు భూమి విలువలో 14 శాతం కట్టమన్నారు. కట్టాల్సింది కొన్నవాడు. పార్కు స్థలాన్ని కూడా ప్లాట్లు చేసి అమ్ముకున్నవాడు ఎప్పుడో ఇంకో ఊళ్లో ఇంకో లేఅవుట్ వేసుకుంటుంటాడు. డబ్బు కడితే కాగితం మీద పార్కు లోటు తీరుతుంది, నేల మీద తీరదు. ఇలాంటి పథకం మళ్లీ మళ్లీ వస్తుందని తెలిశాక ఎల్పీ నంబరు కోసం తిరిగేవాడు అమాయకుడనిపించుకుంటాడు.

వీటన్నిటికీ డబ్బెక్కడిది? 2021 ఏప్రిల్ నుంచి ఇంటి పన్ను అద్దె విలువ బదులు ఆస్తి విలువ మీద వేస్తున్నారు, ఏటా పెంపు 15 శాతం దాటకుండా. ఇళ్లున్నవాళ్ల మీద అది పడింది. కొని, కంచె వేసి, రేటు పెరుగుతుందని పదిహేనేళ్లు అలాగే ఉంచిన ప్లాట్ల మీద ఖాళీ స్థలం పన్ను ఉన్నా, దాన్ని గట్టిగా వసూలు చేసే ఉత్సాహం కనిపించదు. రోడ్డు, నీళ్లు, లైటు వేసిన నగరం మధ్యలో కంపచెట్లు మొలిచిన ప్లాట్లు, నగరం అంచున రోడ్డు లేని పేదల కాలనీ. మొదటిదానికి ఖర్చు పెట్టేశాం, రెండోదానికి ఇంకా పెట్టాలి. ఆ ఖాళీ ప్లాట్ల పన్ను సరిగ్గా వసూలు చేసి, పేదల కాలనీల కాలువలకు విడిగా కేటాయించినా వరస కొంత మారుతుంది.

మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చినప్పుడు అభ్యంతరాలు చెప్పుకోవడానికి జనానికి గడువిస్తారు. ఆ నోటీసు పేపర్లో చిన్న అక్షరాల్లో వస్తుంది, రియల్ ఎస్టేట్ వాళ్లు తప్ప ఎవరూ చూడరు. మీ కాలనీ సర్వే నంబరు ఏ రంగులో ఉంది, పక్కన పోయే పిల్లకాలువను మ్యాపులో కాలువగా చూపించారా లేక రోడ్డులో కలిపేశారా, మీ వీధికి వచ్చే రోడ్డు వెడల్పు ఎన్ని అడుగులు రాశారు అన్న మూడూ చూడండి. తేడా ఉంటే సర్వే నంబరు వేసి, ఫొటో జత చేసి, రాతపూర్వకంగా ఇవ్వండి. గడువు దాటాక ల్యాండ్ యూజ్ మార్పించుకోవడం ఫీజులు కట్టగలిగేవాళ్ల వ్యవహారం. నోటితో చెప్పింది ఫైలెక్కదు కాబట్టి ఇన్‌వార్డు నంబరు వేయించుకుని, ఆ కాగితం జిరాక్స్ మీ దగ్గర ఉంచుకోండి.